కప్ప మంచి జంపర్

ఇంగ్లీషులో జంపర్ అని ఒక మాట ఉంది. దూకేవాణ్ణి జంపర్ అంటారు. దూకేది ఆడపిల్ల అయినా అదే మాట. అంతకు మించి దాని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన నేను, బెవర సన్యాసిరావు అనేవాణ్ణి, ఈ రెండు ముక్కలూ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టిన పాపానికి మా జిల్లాలో రెండు నెలలు ఏమేం జరిగాయో చెబుతాను. జంపర్ అనగానే మీ బుద్ధి రాజకీయాల మీదికి పోతుందని నాకు తెలుసు. పోనివ్వకండి. ఇది కేవలం కాళ్ళతో దూకేవాళ్ళ కథ.

అంతకు ముందేడు ఏదో జిల్లాలో ఒకాయన 'స్విమ్మర్' అని సర్టిఫికెట్టు చూపించి క్రీడాకోటాలో ఉద్యోగం సంపాదించాడట. చేరిన మూడో రోజున ఆఫీసు వెనక బావిలో పడ్డాడట. పైకి తియ్యడానికి ఫైరింజను రావలసి వచ్చిందట. ఆ గంట చప్పుడు రాజధాని దాకా వినిపించి, వెంటనే ఒక ఉత్తర్వు పుట్టింది. ఇకమీదట క్రీడాకోటా అభ్యర్థి పేరు పక్కన ఏ మాట ఉంటే ఆ మాటకి ముందు అర్థం తేలాలి. ఆ అర్థం ఆ మనిషికి సరిపోతుందో లేదో ఆ తర్వాత తేలాలి. ఇందుకోసం జిల్లాకొక పదార్థ నిర్ధారణ కార్యాలయం తెరిచారు. మా ఊళ్ళో ఆ బోర్డు కట్టిన రోజున వీధిలో హోటళ్ళవాళ్ళు నిన్నటి సాంబారు పారబోసి తలుపులు వేసుకున్నారు. తర్వాత అది మాటల ఆఫీసని తెలిసి, ఓస్ ఇంతేనా అని మళ్ళీ తెరిచారు.

ఆ ఆఫీసు నుంచి జూలై మొదటి వారంలో నాకొక మెమో వచ్చింది.

"విషయము: జంపర్ అను ఆంగ్ల పదము – అర్థము మరియు ప్రయోగము – నివేదిక కోరుట – గురించి. పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, కుమారి సూరాడ నూకరత్నం అను అభ్యర్థిని క్రీడాకోటాయందు జంపర్‌గా పేర్కొనబడియున్నందున, సదరు జంపర్ అనగానేమి, సదరు పదమును ఎట్లు ప్రయోగించవలెను అను రెండు అంశములపై తమ నిపుణ అభిప్రాయమును మూడు ప్రతులలో పంపవలసినదిగా కోరడమైనది."

నూకరత్నం నాకు తెలియని పిల్ల కాదు. వాళ్ళమ్మ ఎర్రయ్యమ్మ ఇరవయ్యేళ్ళుగా మా వీధిలో చేపలు అమ్ముతోంది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని మా గుమ్మం ముందు కేక వేస్తే మా ఆవిడ కత్తిపీట తీసేది. నూకరత్నం మా కాలేజీలోనే చదివింది. నా క్లాసులో వెనక బెంచీ. ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ వానాకాలం కాలేజీ గేటు ముందు కాలవ పొంగితే, మేమంతా చుట్టు తిరిగి బల్లకట్టు మీదుగా ప్రాణాలరచేత పెట్టుకుని దాటుతుంటే, ఈ పిల్ల పుస్తకాలు గుండెకి అదుముకుని నాలుగడుగులు వెనక్కి వేసి ఒక్క గెంతున అవతల ఉండేది. లాంగ్ జంపులో రాష్ట్రం మొత్తం మీద రెండోది. పందొమ్మిదిన్నర అడుగులు.

నేను నివేదిక రాశాను. అర్థం: దూకేవాడు, దూకేది. ప్రయోగం: 'కప్ప మంచి జంపర్'. ముప్ఫై నాలుగేళ్ళు క్లాసులో ఇదే ఉదాహరణ చెప్పాను. ఒక్క పిల్లాడూ లేచి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. మూడు ప్రతులు రాసి, సంతకాలు పెట్టి, పోస్టులో పడేసి, ఓ పనైపోయింది అనుకుని పడక్కుర్చీలో వాలాను.

మర్నాడు ఎర్రయ్యమ్మ మా గుమ్మంలో ఒక జత చందువా చేపలు పెట్టింది. అరచెయ్యంత వెడల్పు, మిలమిలలాడుతున్నాయి.

"నా బిడ్డ ఉజ్జోగం తమరి సేతిలోనే ఉందంట గదా బాబూ," అంది. "అడివి ఆఫీసులో ఉజ్జోగం. అన్నీ అయిపోనాయి. ఆ కాయితం ఒక్కటీ ఒచ్చీసిందంటే సేరిపోతాది. ఆగస్టు ఆకరికి ఇయ్యకపోతే ఎనకున్నోళ్ళకి ఎలిపోద్దంట."

"రాసి పంపించేశానమ్మా. ఇంకేం భయంలేదు."

"మా బాబే! తమరి నోట సక్కెర పొయ్య!"

చందువా పులుసు దివ్యంగా ఉంది. ఆ రుచి నాలిక మీదుండగానే ఆఫీసు నుంచి కబురొచ్చింది, స్వయంగా హాజరుకమ్మని.

జిల్లా పదార్థ నిర్ధారణ అధికారి పేరు పట్నాల త్రినాథరావు. గుండ్రటి మనిషి, మర్యాదస్థుడు. ఒకటే చిక్కు, ఆయన రాసినట్టే మాట్లాడతాడు. పక్కన సూపరింటెండెంటు కనకమాలక్ష్మి గారు. రూళ్ళన్నీ ఆవిడ నాలిక చివర ఉంటాయి.

"మాష్టారూ, తమ నివేదిక మహోన్నతముగా నున్నది," అన్నాడు త్రినాథరావు. "అర్థము విషయమై మాకెట్టి అభ్యంతరమూ లేదు. ప్రయోగము వద్దనే స్వల్పమైన చిక్కు ఏర్పడియున్నది."

"ఏమిటండీ?"

"కప్ప."

నేను ఆయన మొహంలోకి చూశాను. నవ్వడంలేదు.

"కప్ప మంచి జంపర్ అని తమరు సెలవిచ్చితిరి. అందుకు ఆధారపత్రము జతపరచలేదు."

"అదేమిటండీ, అది అందరికీ తెలిసిందే కదా!"

"అందరికీ తెలిసినది ఫైలులో లేదు కదండీ."

"ఉదాహరణ నిర్ధారణ కాకపోతే అర్థం నిర్ధారణ కానట్టే సార్," అంది కనకమాలక్ష్మి గారు, కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ. "అర్థం తేలకుండా అభ్యర్థినికి వెళ్ళడానికి రూలు ఒప్పుకోదు. ముందు కప్పని తేల్చాలి."

నాకు సహజంగా కోపం జాస్తి. ఇంగ్లీషు చెప్పినవాళ్ళకి ఉంటుంది. కానీ ఆగస్టు ముప్ఫైయొకటి గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. వారం రోజుల్లో కప్పను హాజరుపరచడానికి ఒప్పుకుని బయటపడ్డాను.

మా కాలేజీ జువాలజీ ల్యాబు అటెండరు అప్పలస్వామి నా మాట తీసెయ్యడు. ల్యాబు వెనక గుంటలోంచి ఒక కప్పని పట్టి, తడిగుడ్డ కప్పిన బకెట్లో తెచ్చాడు. ఆఫీసులో దానికొక ఫారం నింపారు. పేరు: కప్ప. తండ్రి పేరు: కప్ప. చిరునామా: జువాలజీ ల్యాబు వెనక గుంట. హాజరు రుజువుగా ఏం తీసుకోవాలా అని కనకమాలక్ష్మి గారు ఆలోచిస్తుండగానే కప్ప ఫారం మీద కాలు వేసి అచ్చు తనే ఇచ్చింది. త్రినాథరావు గారు దాని క్రమశిక్షణని మెచ్చుకున్నారు.

తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, దూకమని అందరం చుట్టూ నుంచున్నాం. పదకొండింటికి పెట్టాం. పన్నెండైంది. ఒంటిగంటైంది. కదల్లేదు. సర్కారు బల్ల దగ్గర కూచున్నదేదీ అంత తొందరగా లేవదని నాకు అప్పుడు తోచింది. అప్పలస్వామి వెనకనుంచి పొడవబోతే, అభ్యర్థిపై ఒత్తిడి తేరాదని త్రినాథరావు గారు వారించారు. కనకమాలక్ష్మి గారు టిఫిను డబ్బా విప్పారు. ఆఖరికి త్రినాథరావు గారే విసుగెత్తి, వేరే ఏదో కాగితం మీద ఠపీమని రబ్బరు స్టాంపు కొట్టారు. ఆ చప్పుడికి కప్ప ఎగిరి పెండింగు ఫైళ్ళ మీద పడింది.

టేపు పెట్టి కొలిచారు. నలభై అంగుళాలు. అంటే మూడడుగుల నాలుగంగుళాలు. కప్ప పొడవు కొలిచారు. నాలుగంగుళాలు. 'కప్ప మంచి జంపర్ అని నిర్ధారించడమైనది' అని రాసి సీలు వేసి ఇచ్చారు. కప్పకి సర్టిఫికెట్టు చేతికొచ్చింది. రెండేళ్ళు చెల్లుతుంది. దాన్ని అప్పలస్వామి అదే బకెట్లో గుంటకి తీసుకుపోయాడు.

"ఇక మా నూకరత్నానిది ఇచ్చెయ్యండి," అన్నాను.

త్రినాథరావు గారు ఒక కాగితం మీద గుణకారం చేస్తున్నారు. రెండుసార్లు సరిచూసుకుని తల ఎత్తారు.

"మాష్టారూ, కప్ప తన నిలువునకు పదిరెట్లు దూకినది. అభ్యర్థిని ఎత్తు ఐదడుగుల నాలుగంగుళములు. అందుచే అభ్యర్థిని యాభైమూడు అడుగుల నాలుగంగుళములు దూకవలసియున్నది. ఆమె దాఖలుపరచిన పత్రములో పందొమ్మిదిన్నర మాత్రమే కనబడుచున్నది. లోటు చాలా అధికముగా నున్నది."

"అయ్యా, మనిషన్నవాడు అంత దూకడు! ప్రపంచంలో ఇప్పటిదాకా ఏ ఆడమనిషీ పాతిక అడుగులు దాటలేదు!"

"వారెవరునూ మన జిల్లాకి దరఖాస్తు చేసుకొనలేదు కదండీ," అన్నాడు త్రినాథరావు, చాలా నెమ్మదిగా.

మర్నాటినుంచి మా ఇంట్లో ఫైలు సంగతి చేపల్లో తెలియడం మొదలైంది. చందువా పోయి అంతకన్నా చవకైన కానాగంతలు వచ్చాయి. వారం తిరిగేసరికి వేలెడంత నెత్తళ్ళు వచ్చాయి. ఆ పై వారం ఎర్రయ్యమ్మ మా గుమ్మం దగ్గర గంప దించకుండానే నుంచుంది.

"నా పిల్లకి కప్పతోటి పోటీ ఎట్టినారంట గదా బాబూ!" అంది. "ఆ కప్పని తమరే ఎట్టించినారంట. నా పిల్ల తమరికేటి అన్నేయం సేసింది? ఇంగిలీసులో ఇంకే జంతువూ దొరకనేదా? పోనీ, ఆ ఉజ్జోగమేదో కప్పకే ఇచ్చీమనండి. అడివిలో దానికీ నీడుంటాది!"

గంప దించకుండానే వెళ్ళిపోయింది. మా ఆవిడ కత్తిపీట లోపల పెట్టేసి, "ఆవు అనకూడదూ? సాధువైన జంతువు," అని ఒక్క మాటని వంటింట్లోకి పోయింది. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. రాసినవాణ్ణి నేను. ఆ కప్పని ఆ పిల్ల దారికి అడ్డంగా కూచోబెట్టింది నేనే.

సాయంత్రం నూకరత్నం వచ్చింది. కోపంగా లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

"మేష్టారూ, యాభైమూడడుగులంటే ఎంతో సూసినాను," అంది. "మా తీరంలో ఎనిమిది పడవలు పక్కపక్కన నిలబెడితే అంత. నాను మూడు దాటగలను. మిగిలిన అయిదూ ఎలాగండీ?"

"నువ్వేం దాటక్కర్లేదమ్మా. నేను చూస్తాను," అన్నాను. ఏం చూడాలో నాకు తెలీదు.

ఆ ఉత్తర్వు తెచ్చుకుని మొదట్నుంచీ చివరిదాకా చదివాను. ఇంగ్లీషు వ్యాకరణం కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. పదిహేడో పేజీలో ఉంది. 'నిపుణుడు ఒకసారి ఇచ్చిన ప్రయోగమును ఉపసంహరించుకొనరాదు. అదనపు ప్రయోగము నీయవచ్చును. అట్టి సందర్భమున చిట్టచివరి ప్రయోగమే ప్రామాణికముగా పరిగణింపబడును.' అంటే కప్పని తీసెయ్యలేను గానీ, దాని తర్వాత ఇంకొకరిని నిలబెట్టొచ్చు. తక్కువ దూకేవాణ్ణి. కానీ కాదనడానికి ఆఫీసులో ఎవరికీ నోరు రానివాణ్ణి.

ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. కాగితం తీసి రాశాను. 'అదనపు ప్రయోగం: మన జిల్లా అధికారి శ్రీ త్రినాథరావు గారు మంచి జంపర్.'

మర్నాడు ఆఫీసులో అది చదివేసరికి త్రినాథరావు గారి మొహం ముందు ఎర్రబడింది. కనకమాలక్ష్మి గారు ఊపిరి బిగబట్టారు. ఇవాళతో నా పెన్షను ఆగిపోతుందనుకున్నాను. అంతలో ఆయన కాగితం కిందపెట్టి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"మీకెలా తెలిసింది మాష్టారూ?" అన్నాడు గొంతు తగ్గించి. "చిన్నప్పుడు మా ఊళ్ళో పంటకాలవ దూకేవాణ్ణి. మా అన్నయ్య తడిసిపోయేవాడు. నేను తడిసేవాణ్ణి కాదు. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు!"

"ముఖంలోనే కనిపిస్తుందండీ," అన్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

నిర్ధారణ తేదీ పడింది. ఆఫీసు ఆవరణలో ఇసుకగుంట తవ్వించారు. ఇసుకకి అనుమతి వచ్చేసరికి సంవత్సరం తిరిగేలా ఉందని తెలిసి ఎర్రయ్యమ్మా, మరో ఆరుగురు ఆడవాళ్ళూ తమ చేపల గంపల్తో తీరం నుంచి తెచ్చి పోశారు. గుంట ఎనిమిదడుగుల పొడవు. అధికారి గారికి అంతకంటే అక్కర్లేదని కనకమాలక్ష్మి గారు లెక్కవేశారు. ఆ ఇసుకలో గవ్వలూ, చేప పొలుసులూ మెరుస్తుండేవి. పది రోజులు త్రినాథరావు గారు భోజనం వేళ గది తలుపులు వేసుకుని సాధన చేశారు. ధబ్ ధబ్ అని చప్పుడు వినిపిస్తుంటే వరండాలో జనం వినయంగా నిలబడేవారు.

ఆ రోజున ఆయన ప్యాంటు మడిచి, వాచీ తీసి కనకమాలక్ష్మి గారికిచ్చి, ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి, గుంట అంచున ఒక్క క్షణం ఆగి, దూకారు. మూడడుగుల రెండంగుళాలు. చప్పట్లు మోగాయి. దండ వేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. పంటకాలవ గుర్తొచ్చి ఉంటుంది పాపం.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. కప్ప రెండంగుళాలు ఎక్కువ దూకింది. అది సాయంత్రానికే సర్దుకుంది. 'కప్ప దూకిన దూరము పునఃపరిశీలనయందు మూడడుగులుగా సవరింపబడినది' అని కనకమాలక్ష్మి గారు నోటు పెట్టారు. కప్ప అభ్యంతరం చెప్పలేదు.

ఇక నిష్పత్తులూ గుణకారాలూ లేవు. మనిషికి మనిషే ప్రామాణికం. మూడడుగుల రెండంగుళాలు! పందొమ్మిదిన్నర దూకే పిల్లకి అదొక లెక్కా? నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి మా ఆవిడతో కత్తిపీట తియ్యమన్నాను. ఎర్రయ్యమ్మ మళ్ళీ కానాగంతలు తెచ్చింది.

ఆగస్టు ఇరవైన ఇంకో మెమో వచ్చింది. కనకమాలక్ష్మి గారి సందేహం అది. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఆవిడకి సందేహాలు వస్తాయి, అంతే. అభ్యర్థిని పై అధికారిని మించి దూకితే మర్యాద ఏం కావాలి? మెమో ఇలా ఉంది. 'ప్రామాణికమునకు చేరువగా నుండవలెను గాని దానిని అతిక్రమించరాదు. అభ్యర్థిని దూకుడు రెండడుగుల పది అంగుళములకు తగ్గరాదు, మూడడుగుల రెండంగుళములకు మించరాదు. మూడు అవకాశములు ఈయబడును. తేదీ: ఆగస్టు ముప్ఫై.'

నూకరత్నం ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"అంటే తక్కువ దూకాలాండీ?"

"అవునమ్మా."

"ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే ఇసకలో పడి దెబ్బలు తినింది, ఆయన కన్నా తక్కువ దూకడానికాండీ?"

ఆ పిల్ల కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. "సర్లెండి. ఉజ్జోగం కావాలి గదా. నేర్సుకుంటాను," అంది.

ఆ పదిరోజులూ సముద్రపొడ్డున నేను దానికి కోచ్‌ని. జన్మలో కాలవైనా దాటని నేను ఆ పిల్లకి దూకకుండా దూకడం నేర్పాను! ఎర్రయ్యమ్మ కర్రతో ఇసుకలో రెండు గీతలు గీసేది. నాలుగంగుళాల సందు. నూకరత్నం నెమ్మదిగా వచ్చేది, గీత దగ్గరికి రాగానే కాళ్ళు వాటి దారిన అవి లేచిపోయేవి. పన్నెండడుగులు. పదమూడు. పరుగు మానిపించాను. నిలబడ్డచోటు నుంచి దూకమన్నాను. ఏడడుగులు. కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు కట్టుకుని దూకమన్నాను. ఆరు.

"పెద్దగా దూకడం రాకపోతే ఏడ్సినాను ఒకప్పుడు," అంది మూడోరోజున, ఇసుకలో కూలబడి. "సిన్నగా దూకడం రాక ఏడుస్తానని ఎప్పుడూ అనుకోనేదండీ." నవ్వుతూనే అంది, కానీ కళ్ళు తుడుచుకుంది.

ముప్ఫయ్యో తేదీ పొద్దున్న పదకొండింటికి ఆఫీసు ఆవరణలో కుర్చీలు వేశారు. త్రినాథరావు గారు తన దండని మెడలో వేసుకునే వచ్చారు, అది కాస్త వాడిపోయింది. కనకమాలక్ష్మి గారు టేపు పట్టుకున్నారు. ఎర్రయ్యమ్మని లోపలికి రానివ్వలేదు. గేటు ఊచలు పట్టుకుని నుంచుంది, నెత్తిమీద గంప అలాగే ఉంది.

మొదటి దూకు. నూకరత్నం ఒళ్ళంతా బిగించి, పళ్ళు బిగించి, ఎంతో జాగ్రత్తగా దూకింది. ఆరడుగుల నాలుగంగుళాలు.

"అతిక్రమించినది," అన్నారు త్రినాథరావు గారు. కాస్త నొచ్చుకున్నట్టే ఉన్నారు.

రెండోదానికి పిల్ల భయపడిపోయింది. అంచుదాకా వచ్చి ఆగి, ఒక పాదం ఎత్తి పక్కనే పెట్టింది. పదకొండంగుళాలు.

"లోపించినది."

ఇక ఒక్కటే మిగిలింది. నూకరత్నం మొహం పాలిపోయింది. నా వంక చూసింది. నేను ఇంగ్లీషు మేష్టార్ని, నా దగ్గర ఏముంది? అప్పుడు గేటు దగ్గర్నుంచి ఎర్రయ్యమ్మ కేక వినిపించింది. వీధులన్నీ లేపే కేక అది.

"గెంతకే పిల్లా! గెంతకు! నెత్తిమీద గంపుందనుకో! నిండుగుందనుకో! మడుగు దాటుతున్నావనుకో!"

నూకరత్నం వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఆ పిల్ల చిన్నప్పుడు ఎన్నోసార్లు ఆ గంప మోసి ఉంటుంది. వానాకాలం రోడ్డు మీద నీళ్ళ మడుగులు వస్తే, గంప తొణక్కుండా, చేప జారకుండా మెడ నిలబెట్టి దాటడం ఆ ఇంటి ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. రెండు చేతులూ పైకెత్తి, లేని గంపని పట్టుకుంది. మెడ నిటారుగా నిలిచింది. ఒళ్ళు సర్దుకుంది. మెత్తగా వచ్చి, వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు తడవకుండా దాటినట్టు, ఇసుకలో అడుగేసింది.

కనకమాలక్ష్మి గారు టేపు పెట్టారు. మళ్ళీ పెట్టారు. "సరిగ్గా మూడడుగులు సార్!"

నేను చప్పట్లు కొట్టాను. సిగ్గులేకుండా కొట్టాను. త్రినాథరావు గారు అక్కడే కుర్చీలో కూచుని సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టి, సీలు వేసి, స్వహస్తాలతో ఇచ్చారు.

"బాగుగా దూకితివమ్మా," అన్నారు. "సాధన చేసినచో ఇంకనూ పైకి వచ్చెదవు. నాలుగు కిటుకులు నేనే చెప్పెదను. భయపడక అడుగుచుండుము."

"అలాగేనండి," అంది నూకరత్నం, తలొంచుకుని.

అందరికీ టీలు వచ్చాయి. మేమంతా గ్లాసులు పుచ్చుకుని వరండా నీడలోకి నడిచాం. అధికారి గారు తన దూకులో చివరి క్షణాన మోకాలు ఎలా వంచారో వివరిస్తున్నారు. నేను ఊఁ కొడుతూ ఎందుకో వెనక్కి తిరిగి చూశాను.

నూకరత్నం సర్టిఫికెట్టు గేటు ఊచల్లోంచి తల్లి చేతికిచ్చి, ఆవరణ అవతలి గోడదాకా వెళ్ళి నుంచుంది. చెప్పులు విప్పేసింది. చున్నీ నడుముకి బిగించింది. ఒక్కసారి ఆకాశం వంక చూసి పరుగు మొదలెట్టింది. మొదట మెల్లిగా, తర్వాత గట్టిగా, తర్వాత కాళ్ళు నేలకి తగులుతున్నాయో లేదో తెలియనట్టు. గుంట అంచున ధన్‌మని ఒక్క చప్పుడు. ఆపైన ఆ పిల్ల గాల్లోనే ఉండిపోయింది. ఎనిమిదడుగుల ఇసుకగుంట కిందనుంచి జరిగిపోయింది. గుంట దాటి, కుర్చీల వరస పక్కనుంచి, ఇంకా అవతల, ఎర్రమట్టి నేల మీద మోకాళ్ళ మీద పడి, జారి, ఆగింది. ఇరవై అడుగులకి ఏమాత్రం తక్కువ ఉండదు.

ముప్ఫై నాలుగేళ్ళు ఆ మాట నోటితో అన్నాను. దాన్ని నిండుగా కళ్ళతో చూడటం మాత్రం అదే మొదలు. మోకాళ్ళు చెక్కుకుపోయి ఎర్రటి మట్టిలో నెత్తురు కలిసింది. ఆ పిల్ల నవ్వుతోంది. గేటు దగ్గర ఎర్రయ్యమ్మ గంప దించేసి, "రేపు ఒంజరం సేప తెత్తాను మేష్టారూ!" అని అరిచింది.

చప్పుడుకి త్రినాథరావు గారు తిరిగి చూశారు. కనకమాలక్ష్మి గారూ చూశారు. ఆవిడ చెయ్యి అలవాటుగా పెన్ను మూత తీసింది. టీలు చల్లారుతున్నాయి. సర్టిఫికెట్టు మీద సీలు తడి ఇంకా ఆరలేదు.

"మాష్టారూ," అన్నారు అధికారి గారు, కనుబొమలు ముడిచి. "నిపుణులు తమరే సెలవియ్యవలెను. ఇప్పుడా బాలిక చేసినదానిని ఏమందురు?"

నాకు ఆ మాట తెలుసు. దాని అర్థం తెలుసు, ప్రయోగం తెలుసు. నా బతుకులో దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని కూడా తెలుసు.

"ఏమీ అనరండీ," అన్నాను. "ఇంటికి బయల్దేరింది."

"అటులనా," అని ఆయన తృప్తిగా టీ చప్పరించారు. కనకమాలక్ష్మి గారు కళ్ళజోడు మీదుగా నావంక ఒక్క క్షణం చూసి, తీసిన పెన్నుకి మళ్ళీ మూత పెట్టేశారు.